ఆయిల్ సీల్ వేయడానికి పైపు ముక్క చాలు

బైక్ ఇంజిన్ దగ్గర చైన్ తిప్పే పళ్ళ చక్రం (ముందు స్ప్రాకెట్) వెనక నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, మార్చాలి, దాన్ని సమంగా దింపే సీల్ డ్రైవర్ కిట్ కొనాలా, నట్లు విప్పే సాకెట్ పెట్టి కొట్టేయొచ్చా అని ఒకరు అడిగారు. కొనకండి. ఒక్క దోసె కోసం గ్రైండర్ కొన్నట్టుంటుంది.

నాది పాత 100 సీసీ బండి. ఇంటి ముందు గచ్చు మీద రోజూ రూపాయి బిళ్ళంత నూనె మరక, దాని మీద మా ఆవిడ గొడవ. ఓ ఆదివారం నేనే కూర్చున్నా. పాత సీల్‌ని స్క్రూడ్రైవర్‌తో పెకలించి, కొత్తదాన్ని చిన్న సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ పోయా. ఒక పక్క దిగితే ఇంకో పక్క లేస్తుంది, లేచింది కొడితే దిగింది మళ్ళీ పైకొస్తుంది. ఎలాగో లోపలికి పంపా. ఆ గోలలో లిప్ (షాఫ్ట్‌ని, అంటే స్ప్రాకెట్ తిరిగే ఇరుసుని, ఆనుకునే రబ్బరు అంచు) వెనకుండే సన్న స్ప్రింగు ఊడిపోయిందని నాకేం తెలుసు! మర్నాడు మరక అట్టంత అయింది.

రెండోసారి ప్లంబర్ వదిలేసిన పీవీసీ పైపు ముక్క దొరికింది. సరిగ్గా సీల్ బయటి అంచు మీద కూర్చుంటుంది, షాఫ్ట్ దాని మధ్యలోంచి పోతుంది. కోసిన చివర వంకర లేకుండా ఎమరీ పేపర్ మీద రుద్దా. షాఫ్ట్ పళ్ళకి లిప్ తెగకుండా పలచటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, గ్రీజు రాసి, స్ప్రింగు వైపు లోపలికి పెట్టి, పైపు మీద చెక్క ముక్క ఆనించి మెల్లగా కొట్టా. ఇంజిన్ కేసింగ్ (బయటి డొప్ప) అంచుతో సమానం కాగానే ఆపేశా. మూడేళ్ళయింది, చుక్క లేదు. సాకెట్ కూడా పనికొస్తుంది, కానీ బయటి సైజు దాదాపు సీల్ అంతే ఉండాలి, చిన్నదైతే మధ్యలో నొక్కి సీల్‌ని చొట్ట పెడుతుంది.

మా ఫ్రెండ్ స్కూటర్‌కి సర్వీస్ సెంటర్‌లో తళతళలాడే టూల్‌తోనే వేశారు, వారానికే కారింది. షాఫ్ట్ మీద గోరుకి తగిలేంత గాడి పడి ఉంది, ఎవరూ చూడలేదు. లోపల చోటుంటే సీల్‌ని ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెడితే లిప్ కొత్త చోట ఆనేది.

ఇక స్పేర్ పార్ట్స్ షాపు వాళ్ళు! లోపలి సైజు, బయటి సైజు, మందం సీల్ మీదే అచ్చేసి ఉంటాయి, అయినా చూడకుండా "సేమ్ సార్, వేసేయండి" అంటారు. పాతది చేతిలో పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూడండి. కొన్ని బళ్ళలో కేసింగ్ విప్పితేగానీ ఈ సీల్ రాదు, సుత్తి తీసే ముందు మీ బండి సంగతి కనుక్కోండి.