రంగును నమ్మేముందు

చి. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన గ్రాఫులు నిన్న రాత్రి రెండుసార్లు చూశాను. తెల్లమద్ది బెరడు ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే గుండె కణాలు తమను దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తట్టుకున్నాయని, ఎంటీటీలో, అదే బతికిన కణాలు పసుపు డైని ఊదాగా మార్చే పరీక్షలో, ఊదారంగు బాగా వచ్చిందని రాశావు. చాలా కష్టపడ్డావు, కనిపిస్తోంది. పేపరు మొదలుపెట్టేముందు మాత్రం ఒక్క విషయం తేల్చుకో తల్లీ. ఆ ఎక్స్‌ట్రాక్ట్ కణాన్ని బలపరిచిందా, లేక పెరాక్సైడ్‌ను కణం దాకా పోనివ్వకుండా మీడియంలోనే, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలోనే, ఖర్చు చేసేసిందా?

మద్ది బెరడు నిండా టానిన్లు, పాలీఫినాళ్లు అనే యాంటీఆక్సిడెంట్ పదార్థాలే. ఇవి ఎంటీటీని నేరుగా ఊదారంగుగా మార్చగలవు, కణాలతో పని లేదు. అందుకని ప్లేట్‌లో ఒక వరుసను కణాలు లేకుండా వదిలెయ్. మీడియం, ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ, అంతే. అక్కడా ఊదారంగు వచ్చిందంటే నీ గ్రాఫులో కొంత భాగం కణాలది కాదు. ఆ తర్వాత ఎక్స్‌ట్రాక్ట్‌తో కణాలను ఉంచి, మీడియంలో ఎక్స్‌ట్రాక్ట్ మిగలకుండా రెండుసార్లు కడిగేసి, అప్పుడు పెరాక్సైడ్ వేసి చూడు. ఇంకో చిక్కుంది: పాలీఫినాళ్లు మీడియంలో నిలవుంటే తామే పెరాక్సైడ్ పుట్టిస్తాయి. ఆ కాస్తకే కణం తన రక్షణ పెంచుకుని ఉండొచ్చు. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైము కేటలేజ్ కలిపిన వెల్స్ (ప్లేట్‌లోని గుంటలు) కూడా పెట్టుకుంటే అదీ తేలుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను. 200 మైక్రోమోలార్ పెరాక్సైడ్ వేసినా నా కణాలకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఒకరోజు మీడియం అయిపోతే పక్క ల్యాబ్ నుంచి బాటిల్ తెచ్చుకున్నాను. అదే డోసుకి మర్నాటికల్లా కణాలన్నీ ఊడి తేలుతున్నాయి. రెండు బాటిళ్లూ పక్కపక్కన పెట్టి లేబుళ్లు చదివాను. నాదాంట్లో సోడియం పైరువేట్ ఉంది, 1 మిల్లీమోలార్. అంటే నేను వేసిన పెరాక్సైడ్‌కు ఐదింతలు. పైరువేట్ పెరాక్సైడ్‌ను ఎప్పటికప్పుడు మింగేస్తుంది. అన్నాళ్లూ నేను రాసుకున్న ‘తట్టుకునే శక్తి’ ఆ బాటిల్‌ది. నీ మీడియం లేబుల్ ఇవాళే చదువు. పెరాక్సైడ్ స్టాక్ కూడా నిలవుంటే చచ్చుబడుతుంది. వాడే రోజు పొద్దున్నే 240 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుంటుందో కొలుచుకో.

రంగును అనుమానించడం చిన్నపని అనుకోకు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కే అనే బయోకెమిస్ట్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు. అందులో నీలం రంగు రావాలి. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ నీలం ఆలస్యంగా వచ్చేది. పద్ధతిలో లోపమని వదిలెయ్యకుండా ఆ ఆలస్యం వెంటపడితేనే 1927లో కండరం శక్తిని నిలవచేసుకునే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో కణానికి ఇంధనమైన ఏటీపీ. ఇవాళ నువ్వు కొలుస్తున్న ఏటీపీ కథలో ఆ నీలం రంగు ఉంది. నాకది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

మిగతా డైల సంగతి క్లుప్తంగా రాస్తాను. ఆక్సీకరణ జరిగితే వెలిగే డీసీఎఫ్‌లో వెలుగు పెరిగితే ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఆక్సీకరణ వల్ల కణానికి కలిగే ఒత్తిడి) అని వెంటనే రాయకు. చచ్చే కణంలో, శక్తి తయారుచేసే మైటోకాండ్రియా నుంచి బయటపడ్డ సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ కూడా దాన్ని వెలిగిస్తుంది, మైక్రోస్కోప్ లైటు కూడా. మైటోకాండ్రియా పొరమీది విద్యుత్ తేడాను (పొటెన్షియల్‌ను) చూపే టీఎమ్మారెమ్ చూస్తే, చివర్లో ఆ తేడాను చెరిపేసే ఎఫ్‌సీసీపీ వెయ్యడం మానకు. అది వేశాక వెలుగు పడిపోకపోతే నువ్వు చూస్తున్నది మైటోకాండ్రియా పొటెన్షియల్ కాదు. గుండెను దెబ్బతీసే క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్ మీదకి వెళతానన్నావు. అది స్వయంగా ఎర్రగా మెరుస్తుంది, మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్‌ను చూపే డై మైటోసాక్స్ కూడా ఎరుపే. మందు ఒక్కటే వేసిన వెల్స్ లేకపోతే రెండింటినీ విడదీయలేవు.

నువ్వు వాడుతున్న హెచ్9సీ2 కణాలు, ఎలుక గుండె నుంచి వచ్చి ల్యాబ్‌లో పెరిగే రకం, కొట్టుకోవు. అసలు గుండె కణంలో మూడోవంతు చోటు మైటోకాండ్రియాదే, ఏటీపీలో 90 శాతానికి పైగా వాటి నుంచే రావాలి. నీ కణాలేమో 25 మిల్లీమోలార్ గ్లూకోజులో హాయిగా గ్లైకోలిసిస్ మీద, అంటే మైటోకాండ్రియా అక్కర్లేకుండా గ్లూకోజును విరిచి, బతికేస్తాయి. మైటోకాండ్రియా చెడినా నీకు తెలియనివ్వవు. గ్లూకోజు తీసి గెలాక్టోజ్ ఇచ్చి, మైటోకాండ్రియా మీదే ఆధారపడేలా చేసి, మళ్లీ చెయ్. చాలామందికి ఇక్కడే ఫలితం తిరగబడుతుంది.

వీలైతే ఒక్కసారి ఎదిగిన ఎలుక గుండె నుంచి విడదీసిన కణాలు చూడు. గుండెలోకి ద్రవం పంపే లాంగెండార్ఫ్ గొట్టానికి గుండెను కట్టి, కణాలను విడదీసే ఎంజైము కొలాజినేజ్ పంపి, కాల్షియం కొద్దికొద్దిగా పెంచుతూ తిరిగి ఇవ్వాలి. సరిగ్గా కుదిరితే ఇటుకల్లా పొడుగ్గా, చారలు చారలుగా నిలుస్తాయి. తొందరపడి కాల్షియం ఒకేసారి పోస్తే కళ్లముందే ముడుచుకుని గుండ్రంగా అయిపోతాయి. మైక్రోస్కోప్ కింద ఆ చారల కణం ఒక్కటి కదలడం చూస్తే నీకు ఈ పనిమీద ప్రేమ ఇంకా పెరుగుతుంది.

సంక్రాంతికి వస్తావుగా, కణాలు లేని వరుస రీడింగులు పట్టుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ