నాయన పాత సంగతులే తలుచుకుంటుంటే మాన్పించాలా?

అడిగినాయన ప్రశ్న ఇది: "మా నాయనకి 74. కందుకూరు కాడ పొగాకు రైతు. పొద్దస్తమానం పాత కబుర్లే. మాన్పించాలా?"

వద్దు. తలుచుకోవడం జబ్బు కాదు, ఎట్టా తలుచుకుంటున్నాడో చూడండి. "ఆ రోజులే వేరు, ఇప్పుడేముంది" అని టోకు మాటలే అంటుంటే దిగులు జబ్బని (డిప్రెషన్) అనుమానించాలి. "బ్యారన్ కాడ ఒక రాత్రి ఏమైందంటే" అని (బ్యారన్ అంటే పొగాకుని వేడి పెట్టి ఆరబెట్టే కొట్టం) ఒక సంగతిలోకి దిగితే మంచిదే. 2004లో స్పెయిన్‌లో సెరానో అనే పరిశోధకుడి బృందం దిగులున్న పెద్దవాళ్ల చేత వారానికొకసారి, నాలుగు వారాలు, ఫలానా రోజు జరిగిన ఫలానా సంగతులే చెప్పించింది. దిగులు తగ్గింది.

ఇంట్లో చేయాలంటే పొద్దున పూట, టీవీ కట్టేసి, అరగంట చాలు. 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసు సంగతులతో మొదలుపెట్టండి, పెద్దవాళ్లకి అవే ఎక్కువ గుర్తుంటాయి. "చిన్నప్పుడు ఎట్టుండేది?" అంటే మళ్లీ టోకు జవాబే వస్తుంది. "నాయనా, బ్యారన్ కాడ నువ్వొక్కడివే కాపలా ఉన్న రాత్రి ఒకటి చెప్పు" అనండి. పొయ్యిలో ఏ కట్టె ఎగదోశావు? వేడెక్కువై ఆకు మాడిందా? తెల్లారి ముందు ఎవరొచ్చారు? "ఎందుకట్టా చేశావు" మాత్రం వద్దు. ఆ ప్రశ్న తప్పొప్పుల లెక్కలోకి లాగుతుంది, దిగులు అక్కడే ముదురుతుంది. అడిగాక పది పదిహేను సెకన్లు నోరు మెదపొద్దు. ఈ వయసులో పేర్లు ఆలస్యంగా తడతాయి, మీరందిస్తే ఆయన వెతకడం మానేస్తాడు.

చెడగొట్టేది ఎక్కువగా కొడుకులే. "అది 76లో కాదు, 77లో" అని దిద్దుతారు. నాయనేమన్నా కోర్టులో సాక్ష్యం చెప్తున్నాడా? "ఇది పదిసార్లు విన్నాం" అనేది ఇంకో పాపం. విన్న కథైతే అందులో అడగని ముక్క ఒకటి అడగండి. పోయినవాళ్ల మాటొచ్చి కన్నీళ్లు పెట్టుకుంటే మాట మార్చొద్దు, కూర్చోండి. వాట్సాప్‌లో వచ్చే బాదంపప్పు చిట్కాలు పంపడం కన్నా అది మేలు.

పది నిమిషాల కింద అడిగిందే మళ్లీ అడిగినా, సొంత వీధిలో దారి తప్పినా ఈ కబుర్లతో సరిపెట్టొద్దు. డాక్టరుకి చూపించి బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. దిగులు కొలవడానికి జీడీఎస్ అని అవును-కాదు ప్రశ్నలు 15 ఉంటాయి. మార్కులు 5 దాటితే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. "వయసు కదా, అంతే" అని పంపేసే డాక్టరైతే ఇంకొకరిని చూసుకోండి.