ఎన్నికైన వాళ్లకి పాఠం చెప్పబోయే ముందు

అమ్మలూ,

నగర కౌన్సిల్‌కి కొత్తగా ఎన్నికైన వాళ్లకి నాయకత్వ శిక్షణ ఇచ్చే పని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. చెబుతూ ఎంత మురిసిపోయిందో! నేనూ మురిశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. నీకు తెలివి తక్కువై కాదు, ఎదుటి మనిషి మాట ముగించేదాకా ఆగే ఓపిక తక్కువై. కోప్పడకుండా చదువు.

నువ్వు నేర్పబోయేది గడప గడపా తిరిగి ఓట్లు తెచ్చుకున్న మనుషులకి. జనాన్ని కూడగట్టడం, మండిపడుతున్న వాడిని నవ్వుతూ చల్లబరచడం, ఎవరి మాట ఎవరు వింటారో పసిగట్టడం మన ఇద్దరికన్నా వాళ్లకే బాగా తెలుసు. "మంచి నాయకుడి లక్షణాలు" అని స్లైడ్ వేశావంటే, మొహమాటానికి తల ఊపి మధ్యాహ్నానికి మాయమైపోతారు. వాళ్లకి కొత్తది గెలిచాక చేయాల్సిన పని. ప్రచారంలో ఎవరేం అడిగినా "చేద్దాం" అనొచ్చు. కౌన్సిల్‌లో కూర్చున్నాక ఒక వార్డుకి "చేద్దాం" అంటే ఇంకో వార్డుకి "ఈ ఏడాది కుదరదు" అన్నట్టే. ఆ రెండో మాట చెప్పడం వాళ్లకి ఎవరూ నేర్పలేదు.

ఐక్యరాజ్యసమితిలో నగరాల సంగతి చూసే హ్యాబిటాట్ సంస్థ వాళ్లు స్థానిక ప్రజాప్రతినిధుల కోసం వరసగా శిక్షణ పుస్తకాలు తెచ్చారు. ప్రతినిధిత్వం, నిర్ణయం తీసుకోవడం, రాజీ కుదర్చడం, డబ్బు సమకూర్చడం, పర్యవేక్షణ, అధికారాన్ని వాడే తీరు, ఇలా ఒక్కో పాత్రకీ ఒక్కో భాగం. అన్నీ చదువు, అన్నీ చెప్పకు. నన్నడిగితే మొదటి విడతలో మూడు చాలు: సభ నడపడం, బడ్జెట్ చదవడం, పర్యవేక్షణకీ పెత్తనానికీ తేడా తెలుసుకోవడం. రోడ్డు పని ఎందుకు ఆలస్యమైందని సభలో నిలదీయడం కౌన్సిలర్ బాధ్యత. పని జరిగే చోటికెళ్లి ఇంజనీరుకి ఆర్డర్లు వేయడం కాదు. ఈ గీత ఎక్కడుందో వాళ్లు అనుభవంలోంచి వాదించుకోవాలి, నువ్వు గీసి చూపించకు.

బడ్జెట్‌కి ఉపన్యాసం వద్దు. మొత్తం పెంచడానికి వీల్లేని నమూనా బడ్జెట్ ఒకటి చేతికిచ్చి, రెండు పద్దులు కోయమను. తర్వాత ఆ కోత పడిన వార్డు జనం ముందు నిలబడి కారణం చెప్పమను. జనం వేషం మిగతా కౌన్సిలర్లు కడతారు, చూడు ఎంత బాగా కడతారో!

కుర్చీలు గుండ్రంగా వేయించు. కౌన్సిల్ సమావేశాల రోజుల్లో, బడ్జెట్ సీజన్లో తేదీలు పెట్టకు. అధికారులకి వేరే రోజు పెట్టు. ఫోన్లు మాత్రం లాక్కోవద్దు తల్లీ. వార్డులో నీళ్ల పైపు పగిలితే ఎత్తకపోయిన ఆ ఒక్క ఫోన్‌నే జనం ఐదేళ్లూ గుర్తుపెట్టుకుంటారు. మధ్యమధ్యలో విరామం ఇవ్వు, అంతే.

ఇక అసలు విషయం. ఇది చెప్పడానికే ఉత్తరం మొదలుపెట్టాను.

నేను ఉద్యోగంలో కుదురుకుంటున్న రోజుల్లో మా బృందానికి పెద్దగా ఒకాయన ఉండేవాడు. చాలా తెలిసిన మనిషి. ఏ శిక్షణకైనా మొదట పరీక్ష పెట్టాలి, చివర్లో మళ్లీ పెట్టాలి, ఎంత నేర్చుకున్నారో అంకెల్లో తేలాలి అనేవాడు. పద్ధతిగా చూస్తే తప్పు లేదు. కానీ కాగితాల మీద పేర్లు రాయించాడు. మార్కులు పైకి చదివాడు, పోటీ ఉంటే ఉత్సాహంగా నేర్చుకుంటారని.

మొదటిసారి గెలిచిన ఒకావిడకి బడ్జెట్ ప్రశ్నల్లో సున్నా వచ్చింది. జీతాల్లాంటి రోజువారీ రెవెన్యూ ఖర్చు ఏది, కొత్తగా కట్టడాలకీ ఆస్తులకీ పెట్టే మూలధన ఖర్చు ఏది అంటే తారుమారుగా రాసింది. ఆవిడ నవ్వేసింది. గదిలో అందరూ నవ్వారు. పక్క వరసలో ఎదుటి పార్టీ వాళ్లున్నారన్న సంగతి మా పెద్దాయనకి పట్టలేదు.

తర్వాతి కౌన్సిల్ సమావేశంలో ఆవిడ ఒక మురుగు కాలువ బిల్లు గురించి లేచింది. ఒకే మరమ్మతుకి రెండు చోట్ల ఖర్చు చూపించారేమిటని అడిగింది. అడగాల్సిన ప్రశ్న. దానికి ఎదురుగా ఒకాయన, "ముందు మూలధన ఖర్చంటే ఏంటో నేర్చుకుని రండమ్మా, సున్నా తెచ్చుకున్నారటగా!" అన్నాడు. సభంతా నవ్వు. ఆవిడ కూర్చుండిపోయింది. ఆ పదవీకాలం మొత్తంలో లెక్కల మీద మళ్లీ నోరు తెరవలేదు. ఆ బిల్లు అలాగే పాసైపోయింది. లెక్కలు అర్థం కావాలని పెట్టిన శిక్షణ, లెక్కలు చూడగలిగిన మనిషి నోరు మూయించింది.

మామూలు ఉద్యోగి శిక్షణలో "నాకు తెలీదు" అంటే పోయేదేమీ లేదు. ఎన్నికైన మనిషి అదే మాట అంటే, పక్కనున్న ప్రత్యర్థి దాన్ని వచ్చే ఎన్నికల దాకా దాచుకుంటాడు. అందుకే వాళ్లు అన్నీ తెలిసినట్టు కూర్చుంటారు. పొగరనుకుని నీకు ఒళ్లు మండుతుంది, నాకు తెలుసు. అది పొగరు కాదమ్మా, జాగ్రత్త.

కాబట్టి వీలైతే ఒకే కౌన్సిల్ వాళ్లని ఒకే గదిలో కూర్చోబెట్టకు, వేర్వేరు నగరాల వాళ్లని కలుపు. అమెరికాలో చార్ల్‌స్టన్ మేయర్ జోసెఫ్ రైలీ చొరవతో 1986లో మొదలైన నగర రూపకల్పన శిక్షణలో ఒక్కో మేయర్ తన ఊరి సమస్య ఒకటి పట్టుకొస్తాడు. మిగతా మేయర్లు, నిపుణులు కలిసి దాని మీద బుర్రలు పెడతారు. పక్క కుర్చీలో ఉన్నవాడు తన మీద పోటీ చేసేవాడు కాదు కదా, తెలీదని ధైర్యంగా చెప్పొచ్చు. నీకు అలా కలిపే వీలు లేకపోతే పార్టీల వారీగానైనా చిన్న గుంపులు చెయ్యి. పరీక్ష పెట్టక తప్పదంటే పేరు లేకుండా పెట్టు, ఫొటోలు తీయనివ్వకు.

సభ నడపడం చెప్పే రోజున హెన్రీ రాబర్ట్ కథ చెప్పు, పనికొస్తుంది. సైన్యంలో ఇంజనీరు. 1863లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమంటే కూర్చున్నాడు, సభ రసాభాస అయింది. ఆ అవమానంతో సభా నియమాలు చదవడం మొదలుపెట్టి, 1876లో ఆయన వేసిన పుస్తకాన్ని ఇప్పటికీ ఎన్నో సంఘాలు పాటిస్తున్నాయి. అది విన్నాక ఎవరో ఒకరు "మా మొదటి మీటింగ్ కూడా అంతేనండీ" అంటారు. అప్పుడు నువ్వు మధ్యలో దూరకు. దయచేసి.

శిక్షణ అయిపోయిన తర్వాత జరిగే మొదటి కౌన్సిల్ సమావేశం మర్నాడు అందరికీ ఫోన్ చెయ్యి. అసలు సందేహాలు అప్పుడే బయటపడతాయి.

టైమ్‌టేబుల్ వేయగానే నాకు పంపు. ప్రశ్నపత్రం కూడా. పేరు రాసే గీత కనిపించిందో, తిరుగు టపాలో తిట్లు వస్తాయి.

నీ పెద్దమ్మ