రేసు డ్రైవర్లకు రాజకీయాలు నిషిద్ధమా?

ప్రశ్న: ఫార్ములా వన్ డ్రైవర్లు రాజకీయాభిప్రాయాలు చెప్పరాదన్న నిబంధన నిజంగా ఉందా?

జవాబు: ఉంది. రాతపూర్వక ముందస్తు అనుమతి లేకుండా రాజకీయ, మత, వ్యక్తిగత వ్యాఖ్యలు చేయడాన్ని ఈ రేసులను నియంత్రించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ 2022 డిసెంబరులో నియమోల్లంఘనల జాబితాలో చేర్చింది. అంతకుముందే, 2020లో ఇటలీలోని ముజెల్లో రేసులో గెలిచిన లూయిస్ హామిల్టన్, అమెరికాలో పోలీసు కాల్పుల్లో మరణించిన నల్లజాతి మహిళ బ్రియానా టేలర్‌కు న్యాయం కోరే టీషర్టుతో పోడియం (విజేతల వేదిక) ఎక్కగా, ఇకపై అక్కడ రేసింగ్ సూటును మెడ వరకు బిగించే ఉంచాలని ఆదేశించారు. మరుసటి ఏడాది హంగరీలో, జాతీయగీతం వేళ ఎల్‌జీబీటీ హక్కులకు మద్దతు తెలిపే ఇంద్రధనుస్సు టీషర్టు విప్పనందుకు డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్‌ను మందలించారు. రేసుల ఆతిథ్యం కోసం ప్రభుత్వాలు కోట్లు కుమ్మరించడం రాజకీయం కానప్పుడు, టీషర్టు మాత్రం ఎలా అవుతుందో నాకు అంతుపట్టదు. అయితే విలేకరులు నేరుగా అడిగినప్పుడు, సొంత సామాజిక మాధ్యమ ఖాతాల్లోనూ డ్రైవర్లు నిరభ్యంతరంగా మాట్లాడవచ్చని 2023 ఫిబ్రవరిలో వివరణ వెలువడింది.