రోజంతటి వాన కాదు, ఆ పావుగంట వాన

ప్రశ్న: మాస్టారూ! నేను విశాఖపట్నంలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో అప్లైడ్ క్లైమటాలజీ, హైడ్రాలజీ కలిపి ఒక పేపరుంది. సూత్రాలు బట్టీపట్టడమే తప్ప ఏమీ తలకెక్కడం లేదు. నాకు మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో పనిచేయాలని ఉంది. అందులో వానలు, గాలుల లెక్కలతో పనేముంటుంది? ఈ పేపరు ఎలా చదవాలి?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: అమ్మా, నీ ప్లాంటుకు మురుగొక్కటే వస్తుందనుకుంటున్నావు. గట్టి వాన పడ్డ రోజు మ్యాన్‌హోల్ మూతల సందుల్లోంచి, పగిలిన పైపుల్లోంచి ఎంత వాననీరు దూరుతుందో ప్లాంటు నడిపేవాళ్ళని అడుగు. ట్యాంకుల్లో నీరు నిలవాల్సినంతసేపు నిలవదు. మురుగును తినడానికి నెలల తరబడి పెంచుకున్న బాక్టీరియా కొట్టుకుపోతుంది. ఎండాకాలంలో ఇంకో చిక్కు. శుద్ధిచేసిన నీళ్ళు గెడ్డలోకి, అంటే వాగులోకి వదులుతావు సరే, మే నెలలో ఊళ్ళోని గెడ్డల్లో సొంత నీరెంత ఉంటుంది? పల్చబరచడానికి నీరే లేకపోతే నువ్వు వదిలిందే గెడ్డ. అప్పుడు ఎంత బాగా శుద్ధి చేయాలో తేల్చేది హైడ్రాలజీయే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన తప్పు చెబుతాను. కొండ కిందున్న ఒక కాలనీకి వాననీటి కాలువ లెక్క వేయమన్నారు. పరివాహకం 30 హెక్టార్లు. రికార్డులో ఒక రోజు 96 మి.మీ. వాన కనిపిస్తే, దాన్ని 24తో భాగించి గంటకు 4 మి.మీ. అని రాసుకున్నాను. రేషనల్ మెథడ్‌లో, అంటే పడ్డ వానలో పారిపోయే వంతును (అక్కడ 0.7) గంట వానతో, హెక్టార్లతో గుణించి, యూనిట్లు కలవడానికి 360తో భాగించే పద్ధతిలో వేస్తే సెకనుకు 0.23 ఘనపు మీటర్లు వచ్చింది. పైవాళ్ళూ సంతకాలు పెట్టారు, కాలువ కట్టేశారు.

ఆ అక్టోబరులో ఒక సాయంత్రం వాన దంచేసింది. తర్వాత వానమాపకం ఏ వేళకెంత పడిందో గీసిన గీతల పట్టీ తెప్పించి చూస్తే ఒక్క గంటలోనే 60 మి.మీ. ఇప్పుడు లెక్క వెయ్యి: 0.7ను 60తో, దాన్ని 30తో గుణించి 360తో భాగిస్తే 3.5. నేను వేసినదానికి పదిహేను రెట్లు! మర్నాడు వెళ్ళాను. ఒకరింట్లో బియ్యం డబ్బా నీళ్ళలో తేలివచ్చి గుమ్మానికి అడ్డంగా ఆగిపోయి ఉంది. ఆ ఇల్లాలు నన్నొక్క మాటా అనలేదు. తడిసిన బియ్యాన్ని చాప మీద నెరుపుతూ కూర్చుంది. ఆ చాప నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

అందుకే ఈ పేపర్లో అన్నిటికంటే ముందు తీవ్రత అన్న మాట పట్టుకో. ఎంత వాన పడిందన్నదొక్కటే చాలదు, ఎంతసేపట్లో పడిందో కావాలి. సింహాచలం కొండల్నీ కైలాసగిరినీ చూడు, వాలు నిటారు, నీరు పరిగెత్తే దూరం తక్కువ. కొండ మీద పడ్డ చినుకు పావుగంటలో రోడ్డు మీదుంటుంది. అన్నిటికంటే దూరాన పడ్డ చినుకు దిగివచ్చే ఆ సమయమే టైమ్ ఆఫ్ కాన్సంట్రేషన్. ఎంచుకోవాల్సింది ఆ పావుగంట తీవ్రతనే. కొండవాలు మీద చెట్లు కొట్టి సిమెంటు పరిస్తే ఆ 0.7 కూడా పెరుగుతుంది. పైగా మనది సముద్రపు ఊరు. పున్నమి, అమావాస్య రోజుల్లో పోటు వేళకు వాన తోడైతే గెడ్డ మొగ దగ్గర నీరు కదలదు. ఆ రోజులేవో పంచాంగంలోనే ఉంటాయి, ముందుగా గుర్తు పెట్టుకో.

చదవడం డాబా మీద మొదలుపెట్టు. అంచులు నిలువుగా ఉండే డబ్బా తీసుకో. చెంబు పనికిరాదు, మూతి ఇరుకు, పొట్ట వెడల్పు, కొలత తప్పుతుంది. పిట్టగోడకు, వాటర్ ట్యాంకుకు దూరంగా, గాలికి పడిపోకుండా చుట్టూ ఇటుకలు పెట్టు. వాతావరణ శాఖవాళ్ళలాగే రోజూ పొద్దున్న 8.30కి స్కేలుతో కొలువు. ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరుకు ఒక లీటరు. గట్టి వాన పడుతుంటే మాత్రం గొడుగేసుకుని ఐదు నిమిషాలకోసారి రాసుకో. ఉరుములుంటే డాబా ఎక్కొద్దు.

రిటర్న్ పీరియడ్ దగ్గర చాలామంది పొరబడతారు. 25 ఏళ్ళ వాన అంటే 25 ఏళ్ళకోసారి లెక్కగా వచ్చేది కాదు. ఏ ఏడైనా రావడానికి 4 శాతం అవకాశం ఉన్నదని. వచ్చే 25 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 64 శాతం. 0.96ను ఇరవై ఐదుసార్లు గుణించి ఒకటిలోంచి తీసెయ్యి, నీకే తెలుస్తుంది.

గాలుల సంగతీ అడిగావుగా. పగలు సముద్రం మీంచి ఊళ్ళోకి, రాత్రి నేల మీంచి సముద్రం వైపుకి గాలి తిరుగుతుంది. రాత్రి గాలి పలచబడితే ప్లాంటు వాసన ఎగిరిపోక నేలబారునే పాకుతుంది. యారాడ కొండా, ఉత్తరాన కొండలూ గట్లలా ఉన్న ఊరిది. ప్లాంటుకు ఫలానా చోటని గీసేముందు, ఆ చోట రాత్రి గాలి ఎవరి కిటికీ వైపు పోతుందో విండ్ రోజ్‌లో, అంటే ఏ దిక్కు నుంచి గాలి ఎంత తరచుగా వీస్తుందో చూపే పటంలో చూసుకో.

అక్టోబరు తుఫాన్లు మొదలయ్యేలోగా డబ్బా పెట్టెయ్యి. 2014లో హుద్‌హుద్ మన ఊరి మీద తీరం దాటింది కూడా ఆ నెల 12నే. మొదటి గట్టి వాన అంకెలు రాసుకున్నాక, మీ వీధి కాలువ వెడల్పూ లోతూ టేపుతో కొలిచి, రెండూ కలిపి నాకు పంపు. ఆ కాలువ సరిపోతుందో లేదో కూర్చుని లెక్క చూద్దాం.