ఇంట్లో ట్రేడింగ్ సెటప్: గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు చూసుకోవాల్సినవి

ఆరు మానిటర్లు, ఒక గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు పెడదామనుకుంటున్నా, అంత అవసరమా అని అడిగారు. ఆ కార్డు మీద పెట్టే డబ్బు దాదాపు వృథా. ధరల కదలికని చూపే క్యాండిల్ చార్టులు గీయడం 2డీ పని, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ దానికి సరిపోతుంది. ఎన్ని మానిటర్లని ఏ రిజల్యూషన్‌లో నడపగలదో చూసుకుంటే చాలు.

అందుకే ముందు మానిటర్లు ఖాయం చేసుకోండి. 24 అంగుళాలకి 1920×1080 బాగానే ఉంటుంది. అదే రిజల్యూషన్ 27 అంగుళాల్లో తీసుకుంటే అంగుళానికి 82 పిక్సెళ్ళే వస్తాయి, ఆప్షన్ చెయిన్ (ఆప్షన్ కాంట్రాక్టుల ధరల పట్టిక)లోని చిన్న అంకెలు మసకగా కనబడి కళ్ళు లాగుతాయి. 27కి 2560×1440 తీసుకోండి, అప్పుడు 109 వస్తాయి. నా ఓటు ఇలాంటివి రెండింటికి. ఆరు పెడితే చివర ఉన్నవాటి వైపు మెడ తిప్పి చూడటం మానేస్తారు. ఒక్కటే పెద్దది కావాలంటే 43 అంగుళాల 4కే మంచిది: నాలుగు 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్లంత చోటు, మధ్యలో అంచులు ఉండవు. దాని బదులు టీవీ వాడాలనుకుంటే 4:4:4 క్రోమా (ప్రతి పిక్సెల్ రంగునీ తగ్గించకుండా చూపడం) ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అంకెల అంచులు చెదిరిపోతాయి. చాలా టీవీల్లో ఆ ఇన్‌పుట్‌ని పీసీ మోడ్‌లో పెడితే సరవుతుంది. ప్యానెల్ ఐపీఎస్ (ఒక రకం ఎల్‌సీడీ) అయితే మేలు. ఓఎల్ఈడీ మీద రోజంతా కదలని వాచ్‌లిస్ట్ (గమనించే షేర్ల జాబితా) పెడితే ముద్ర పడిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువమంది ఇబ్బంది పడేది పోర్టుల దగ్గర. హెచ్‌డీఎంఐ 1.4లో 4కే 30 హెర్ట్జే వస్తుంది, మౌస్ పాయింటర్ కూడా ఈడ్చుకుంటూ కదులుతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళే మామూలు కేబుల్ ఒకే దిశలో పనిచేస్తుంది. కంప్యూటర్‌కి హెచ్‌డీఎంఐ, మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అది పనికిరాదు. కార్డు పెట్టాక మదర్‌బోర్డు పోర్టులో బొమ్మ రాకపోతే, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్, అంటే ప్రాసెసర్‌లోనిది, ఆఫ్ అయిందేమో చూడండి. ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ అయితే ఒక్క బయటి మానిటర్‌నే నేరుగా నడుపుతుంది.

ర్యామ్ 16 జీబీ కనీసం. బ్రౌజర్‌లో పది చార్టు ట్యాబులు తెరిచి ఉంచేవారికి 32 తీసుకోమంటాను. 32 అంటే 16వి రెండు స్టిక్కులు, ఒక్కటే పెట్టొద్దు. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కూడా ఆ మెమరీనే వాడుకుంటుంది కాబట్టి డ్యూయల్ చానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేయడం) తేడా తెలుస్తుంది. ర్యామ్ బోలెడు ఉన్నా ఇంటరాక్టివ్ బ్రోకర్స్ వారి ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ టీడబ్ల్యూఎస్ నత్తనడక నడుస్తుంటే, దాని సెట్టింగుల్లో మెమరీ పరిమితిని పెంచండి. అది జావా ప్రోగ్రామ్, తనకి కేటాయించిన దాన్ని దాటి వాడుకోదు. మెటాట్రేడర్ 5 అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ బరువెక్కితే చార్టులో గరిష్ఠ బార్ల సంఖ్య తగ్గించండి. ప్రాసెసర్‌లో ఎక్కువ కోర్లు నిజంగా పనికొచ్చేది బ్యాక్‌టెస్టింగ్‌కి, అంటే పాత డేటా మీద వ్యూహాన్ని పరీక్షించడానికి. చార్టులు చూసి ఆర్డర్ పెట్టేవారికి ఒక్కో కోర్ వేగమే ముఖ్యం. డిస్కు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 500 జీబీ చాలు.

మిగిలిన డబ్బు కరెంటు, నెట్ మీద పెట్టండి. రౌటర్ నుంచి డెస్క్‌కి ఈథర్‌నెట్ వైరు లాగండి, వైఫైలో వచ్చే కుదుపులు తగ్గుతాయి. యూపీఎస్ కొనేటప్పుడు వీఏ (వోల్ట్-ఆంపియర్)తో పాటు వాట్లు కూడా చదవండి: 600 వీఏ అని రాసి ఉన్నది చాలాసార్లు 360 వాట్లే ఇస్తుంది. సీపీయూ, మానిటర్లతో పాటు రౌటర్‌నీ, ఫైబర్ బాక్సునీ దానికే కలపండి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ వెలుగుతూ నెట్ ఆగిపోతే పొజిషన్ (తెరిచి ఉన్న ట్రేడ్) మూసే దారి ఉండదు. అందుకే బ్రోకర్ యాప్ ఫోన్లో లాగిన్ అయి ఉండాలి, ఆ ఫోన్ మొబైల్ డేటా మీద నడవాలి. అంతా బిగించాక, ఓపెన్ పొజిషన్ లేని రోజు చూసి యూపీఎస్ ప్లగ్ పీకండి. చార్టులు తెరిచి ఉంచి, ఎన్ని నిమిషాలు నిలుస్తుందో రాసుకోండి.