పప్పు బద్దవకుండా

పలాస

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న దీవెనలు.

మీథేన్‌ని నేరుగా మెథనాల్ చేసే ఆక్సైడ్ ఉత్ప్రేరకాల మీద పీహెచ్‌డీ అన్నావు. సంతోషం సగం, భయం సగం వేసింది.

మన జీడి ఫ్యాక్టరీలో ఆడవాళ్ల చేతులు చూశావు కదా. పెంకు పగలాలి, లోపలి పప్పు పగలకూడదు. నిండు గుండుకున్న ధర బద్దకి రాదు. నీ పనీ అచ్చం అదే. మీథేన్‌లో కార్బన్-హైడ్రోజన్ బంధం తెంచడానికి మోలుకి 439 కిలోజౌళ్లు కావాలి. మెథనాల్‌లోనిది 402 దగ్గరే తెగుతుంది. మీథేన్‌ని కదపగలిగిన ఆక్సైడ్ మెథనాల్‌ని వదులుతుందా? కార్బన్ డయాక్సైడ్ దాకా ఈడుస్తుంది.

ఇరిడియం డయాక్సైడ్ ఉపరితలం మీద 150 కెల్విన్ (సున్నా సెల్సియస్‌కి 123 డిగ్రీలు కింద) దగ్గరే ఆ బంధం తెగుతుందని 2017లో చూపించారు. చదివి గంతులేయకు. ఆ ఉపరితలాన్ని వేడిచేస్తే కొంత మీథేన్‌గానే తిరిగొచ్చింది, మిగతాది కాలిపోయింది. కంప్యూటర్లో లెక్కలు కట్టేటప్పుడు చాలామంది మొదటి బంధం దగ్గరే ఆగిపోతారు. మిథైల్ (ఒక హైడ్రోజన్ ఊడిన మీథేన్) ఆక్సిజన్‌ని పట్టుకున్నాక అక్కడినుంచి ఎలా దిగుతుందో, దిగేలోగా ఇంకో హైడ్రోజన్ ఊడిపోతుందేమో, అదీ లెక్కకట్టు.

రాగి ఎక్కించిన జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్, అంటే సన్నని రంధ్రాలున్న సిలికా-అల్యూమినా స్ఫటికం (2005, బెల్జియం వాళ్ల పని), నాకు అందుకే నచ్చింది. 450 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఆక్సిజన్ ఎక్కిస్తారు, 200 ప్రాంతంలో మీథేన్ తగిలిస్తారు, మిథాక్సీగా (ఆక్సిజన్‌ని పట్టుకున్న మిథైల్‌గా) అంటుకున్నదాన్ని నీటితో కడిగి మెథనాల్‌గా దించుతారు. ఒక్కో మెట్టు విడిగా నడపడం వల్ల పప్పు దక్కుతుంది, కాకపోతే దిగుబడి చిన్నది. నువ్వు చేసేటప్పుడు రాగి ఎక్కువ పోయకు. రెండు మూడు పరమాణువుల గుంపులుగా ఉంటేనే పని. పెద్ద కాపర్ ఆక్సైడ్ రేణువులు కట్టాయంటే అవి మీథేన్‌ని కాల్చడానికే.

పరిశ్రమల్లో ఎలాగూ చుట్టుదారే: ముందు సింగ్యాస్ (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువు), ఆపైన దాన్ని మెథనాల్ చేసే రాగి-జింక్ ఆక్సైడ్-అల్యూమినా ఉత్ప్రేరకం. బుడితి ఇత్తడి చెంబులో ఉన్న లోహాలే అవి, రాగీ జింకూ!

ఇంకో సంగతి. ఒకసారి జీసీలో (వాయువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో) మెథనాల్ పీకు బారెడు వచ్చిందని నేను ల్యాబంతా మిఠాయి పంచాను. మూడోరోజు మీథేన్ బదులు ఆర్గాన్ పంపినా అదే పీకు. ఏటంటే, గాజు గొట్టాలు మెథనాల్‌తో కడిగి సరిగ్గా ఆరబెట్టకుండా బిగించేశాను. కాబట్టి ప్రతి ఉత్ప్రేరకానికీ ముందు మీథేన్ లేకుండా ఒక పరుగు. కార్బన్-13 (బరువైన కార్బన్) మీథేన్ ఖరీదైనదే, అయినా ఒక్కసారైనా వాడు, మెథనాల్‌లోని కార్బన్ మీథేన్‌దో కాదో తేలుతుంది. లోపలికెళ్లిన కార్బనూ బయటికొచ్చిన కార్బనూ సరిపోకపోతే ఆ రోజు ఏమీ రాయకు. సెలెక్టివిటీ (మారినదాంట్లో మెథనాల్ వాటా) ఒక్కటే చెప్పి కన్వర్షన్ (అసలు ఎంత మీథేన్ మారిందో) దాచే పేపర్లని నమ్మకు, అలాంటిది నువ్వూ రాయకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాబ్ నోటుబుక్కు తెచ్చుకో. అచ్చయ్యే పేపరు వద్దు, కొట్టివేతలున్న పుస్తకమే కావాలి. మీ పెద్దమ్మ రెండు కిలోల గుండు తీసి ఉంచింది.

మీ పెదనాన్న